బావ కణాలు బాగున్నాయి

పెళ్ళిభోజనాల్లో ఐస్‌క్రీం పెట్టే వేళ గురించి నాకొక ఫిర్యాదు ఉంది. మా వైపు ఈ మధ్య పెరుగన్నం రాకముందే పెట్టేస్తున్నారు. సాంబారన్నం సగంలో ఉండగానే ఆకు పక్కన కాగితం కప్పు దిగుతుంది. సాంబారు ముగించేలోగా అది కరిగిపోతుంది. ముందు దాని సంగతి చూద్దామంటే సాంబారు చల్లారిపోతుంది. పీజీలు చేసినవాళ్ళు కూడా ఇక్కడ తడబడడం నేను చూశాను. పుంగనూరులో ఒక పెళ్ళిలో మా బావ మాత్రం తడబడలేదు. సాంబారన్నం నింపాదిగా తిని, కప్పు ఎత్తి, తల వెనక్కి వాల్చి, కరిగిన ఐస్‌క్రీంను మజ్జిగ తాగినట్టు గొంతులో పోసుకున్నాడు. పక్కనే కూర్చున్న నాకు అప్పుడే ఆయన దవడ కింద నిమ్మకాయంత గడ్డ కనబడింది.

“ఏం బావా, ఆడ ఏదో అడ్డం పడినట్టుండాదే?” అన్నాను.

“మీ అక్కను చేసుకున్యా గదా. ఆ పొద్దు మింగిందే, ఇంకా దిగలేదు” అన్నాడు.

ఎదురు వరసలో మా అక్క విననట్టు పెరుగన్నం కలుపుకుంటోంది. పక్కవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ గడ్డ మీద వేసిన మొదటి జోకు అది. ఆ తర్వాత చాలా వేశాం గానీ అంత బాగా ఏదీ కుదరలేదు.

బావకు పుంగనూరు నుంచి మదనపల్లెకు వచ్చే రోడ్డు మీద టమోటా నారు పెంచే నర్సరీ ఉండేది. వల కప్పిన షెడ్డు కింద వరసగా ట్రేలు, ట్రే నిండా చిన్న చిన్న గుంటలు, గుంటకొక మొలక. పిల్లల్లేరు. ఎవరైనా పెద్దమనిషి జాలిపడి ఆ మాట ఎత్తితే షెడ్డు వైపు చెయ్యి చూపించి, “ఉండారు గదప్పా, అంతా ఆడ నిలబడుకోనుండారు. పేర్లు పెట్టల్యాక సస్తాండా” అనేవాడు. నేను మదనపల్లెలో జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. మా వైపు బావ, బామ్మర్ది మర్యాదగా మాట్లాడుకుంటుంటే చూసినవాళ్ళు ఏదో పొలం తగాదా ఉందని అనుమానిస్తారు. మాకు ఏ తగాదా లేదు. అందువల్ల కలిసిన ప్రతిసారీ ఒకరి పరువు ఒకరం తీసుకునేవాళ్ళం.

గడ్డ లింఫోమా అని తేలింది. రక్తంలో జబ్బుల మీద పోట్లాడవలసిన తెల్ల కణాల్లో ఒక రకం, పోట్లాట మానేసి ఊరికే సంతానం పెంచుకుంటూ పోతే దానికి పెట్టిన పేరు అది. బెంగుళూరులో ఒక పెద్దాసుపత్రిలో కీమో ఇచ్చారు. గడ్డ పోయింది, జుట్టు పోయింది. జుట్టు తిరిగొచ్చింది, గడ్డా తిరిగొచ్చింది. ఇంకో రకం కీమో ఇచ్చారు. ఈసారి గడ్డ ఒక్కటే తిరిగొచ్చింది.

అప్పుడు అక్కడి డాక్టరమ్మ ఒక ట్రయల్ గురించి చెప్పింది. చిన్న వయసు. బెంగుళూరులో పుట్టి పెరిగిన తెలుగు ఆమెది. ప్రతి మాటనూ ముందు లోపల సరిచూసుకుని బయటికి పంపేది. గదిలో మేం నలుగురం కూర్చున్నాం. బావ, అక్క, నేను, బావను కన్న మా అత్త. అత్తకు పుంగనూరులో వాళ్ళ వీధి దాకా మంచి పలుకుబడి ఉంది. ఆ పలుకుబడి ఆస్పత్రిలోనూ చెల్లుతుందని ఆమె నమ్మకం. పక్క కుర్చీలో తన సంచీని కూర్చోబెట్టింది.

“ఒంట్లో ఇంకా మంచి సైనికులు ఉన్నారు. టీ కణాలంటాం” అంది డాక్టరమ్మ. “వాటిని బయటికి తీస్తాం. కాన్సర్ కణాన్ని గుర్తుపట్టి పట్టుకునే కొక్కెం ఒకటి వాటికి మొలిచేలా, లోపల ఒక జన్యువు పెడతాం. పెంచి మళ్ళీ ఒంట్లోకి ఎక్కిస్తాం.”

ఇది చాలా చోట్ల చేస్తున్నదేనట. ఆమె ట్రయల్లో కొత్తది ఏమిటో కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. పాత పద్ధతిలో ఆ జన్యువును కోరలు పీకిన వైరస్ మీద ఎక్కించి పంపుతారు. అది కణంలోకి పోయి క్రోమోజోముల్లో తనకు తోచిన చోట దిగుతుంది. మంచి చోట దిగితే మంచిదే. లేకపోతే కొక్కెం అవసరానికి మించి పనిచేసి కణాన్ని అలిసిపోయేలా చేస్తుంది. కొత్త పద్ధతిలో వైరస్ లేదు. ముందే ఎంచుకున్న చోట కత్తిరించి, సరిగ్గా అక్కడే జన్యువును అతికిస్తారు. పైగా ల్యాబులో వారాల తరబడి పెంచరు. కొద్ది రోజుల్లోనే తిరిగి ఇచ్చేస్తారు. ఎక్కువ రోజులు పెంచితే సంఖ్య పెరుగుతుంది గానీ కణాలు ముసలివైపోతాయి. లోపలికి పోయి కాస్త పోట్లాడి చతికిలబడతాయి. లేతగా ఉన్నప్పుడే పంపితే ఒంట్లోనే పెరిగి, ఏళ్ళ తరబడి కాపలా ఉంటాయని వాళ్ళ ఆశ.

ఈ పాఠాన్ని నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఇంత బాగా చెప్పలేదు. అందుకు కాస్త అసూయపడుతూనే తల ఊపాను. బావ బొమ్మను తలకిందులుగా పట్టుకుని చూశాడు.

“అంటే ముదురు నారు గాదు, లేత నారు నాటతారు. అంతే గదమ్మా?”

“అంతే” అంది.

“అట్లయితే నా దగ్గర మడుసులుండారు. నీకు ట్రేలు గావాల్నంటే చెప్పు.”

ఆమె నవ్వలేదు. కొన్ని షరతులు చెప్పింది. వాటిలో ముఖ్యమైనది ఒకటే. కణాలు తీసేలోపు వేరే ఏ మందూ తినకూడదు. నొప్పి మాత్ర కూడా తనను అడిగే వేసుకోవాలి. స్టెరాయిడ్ ఉన్నవి అసలే కూడదు, తనకు కావలసిన టీ కణాలను అదే ముందు తినేస్తుంది. “ఆయుర్వేదం, నాటుమందు, ఏదైనా తింటున్నారా? నేను తిట్టను. చెప్పండి” అంది.

బావ తల అడ్డంగా ఊపాడు. అక్క ఊపింది. అత్త అందరికంటే గట్టిగా ఊపి, “మేం అట్లాటోళ్ళం గాదమ్మా” అంది. నన్ను ఎవరూ అడగలేదు, అయినా నేనూ ఊపాను.

ఇది కాకపోతే ఇంకేముందని అక్క తలుపు దగ్గర ఆగి అడిగింది. డాక్టరమ్మ ముందు మాటను లోపల సరిచూసుకుంది. ఆ తర్వాత, “ఏమీ లేదండీ” అంది.

మదనపల్లెలో ఎక్కితే తిన్నగా బెంగుళూరులో దించే బస్సులు ఉన్నాయి. వారం వారం పరీక్షలకు పోవలసి వచ్చినా మేం అలా పోలేదు. అత్త ఆజ్ఞ మీద పుంగనూరు నుంచి కుప్పం పోయి, అక్కడ రైలెక్కేవాళ్ళం. బస్సు కుదుపులకు గడ్డ కదులుతుందట. కుప్పం దాకా పోయేది బస్సులోనే కదా అంటే, ఆ రోడ్డు మెత్తగా ఉంటుందంది. కుప్పంలో మమ్మల్ని స్టేషన్లో కూర్చోబెట్టి ఆమె ఆటో ఎక్కి మాయమయ్యేది. చెల్లెలి కూతురిని చూసి వస్తానని చెప్పేది. ఏ వారమూ ఆ అమ్మాయిని చూడకుండా ఆమెకు మనసొప్పేది కాదు. ఆ చెల్లెలు తన కూతురి పెళ్ళికి పిలవలేదని అంతకు ముందు ఏడాదే అత్త ఆ ఇంటి వైపు చూడనని ఒట్టు పెట్టుకున్న సంగతి నాకు తెలుసు. జబ్బు మనుషులను దగ్గర చేస్తుందని సరిపెట్టుకున్నాను.

ఈలోగా బావ బాగుపడుతున్నాడు. అన్నం చూస్తే ముఖం తిప్పుకునే మనిషి సంగటి రెండోసారి వడ్డించుకుంటున్నాడు. పొద్దున్నే లేచి నర్సరీకి పోయి పనివాళ్ళను తిట్టి వస్తున్నాడు. బుగ్గలు నిండాయి. అన్నింటికంటే ముఖ్యంగా, గడ్డ తగ్గుతోంది. నిమ్మకాయ ఉసిరికాయ అయింది. వీధిలో ఆడవాళ్ళు వచ్చి అత్తను అభినందించిపోతున్నారు. ఆమె పైకి చూసి దండం పెట్టేది గానీ, ఘనత పూర్తిగా పైవాడికి ఇస్తున్నట్టు ఆ ముఖంలో కనబడేది కాదు.

“ఏం బామ్మర్దీ, నేను సస్తే నర్సరీలో క్రికెట్ ఆడుకుందామనుకుంటివే” అన్నాడు బావ ఒకరోజు.

“ఇంకా ఆ ఆశ పోల్యా బావా. మూతి చూస్తే పూరీ మాదిరి పొంగింది. ఎప్పుడో ఒకసారి పగుల్తాది” అన్నాను.

ఆ మూతి పొంగడం ఏమిటో జువాలజీ చెప్పే మనిషికి తట్టి ఉండాలని తర్వాత చాలామంది అన్నారు. మా కాలేజీ ప్రిన్సిపాల్ కూడా అన్నాడు. ఆయన సబ్జెక్టు కామర్స్.

గడ్డ తగ్గినందుకు డాక్టరమ్మ సంతోషించలేదు. కీమో ఆపేసి చాలా రోజులైంది, ఎందుకు తగ్గుతోందని అడిగింది. రక్తంలో చక్కెర ఎందుకు పెరిగిందని అడిగింది. ఏమైనా తింటున్నారా అని మళ్ళీ అడిగింది. “తింటాండాం గదమ్మా, సంగటి” అంది అత్త.

కణాలు తీసిన రోజు నేనే పక్కన ఉన్నాను. బావ రెండు చేతులకూ సూదులు. ఒక చేతి నుంచి రక్తం మిషన్లోకి పోతుంది. మిషన్ తెల్ల కణాలను వేరు చేసి సంచిలో వేసుకుని, మిగతాది రెండో చేతిలోకి తిరిగి పంపుతుంది. గంటల తరబడి కదలకుండా పడుకోవాలి. ముక్కు మీద ఈగ వాలితే నేనే తోలాను. సంచిలో చేరిన పలుచటి ద్రవాన్ని చూసి బావ, “ఇదేనా నా సైన్యం? మజ్జిగ తేట మాదిరుండాదే” అన్నాడు. అక్కడి నర్సు కిందికి చూసి నవ్వుకుంది. అంత సేపట్లో బావ చేసిన యుద్ధం అదొక్కటే.

కొన్నాళ్ళకు ల్యాబు నుంచి కబురొచ్చింది. కణాలు చాలినన్ని లేవు. ఉన్నవాటికి కత్తిరింపు బాగానే జరిగింది, జన్యువు అనుకున్న చోటే దిగింది, కానీ ఆ తర్వాత అవి పెరగడం లేదు, చచ్చిపోతున్నాయి. పద్ధతిలో లోపం కాదు, వచ్చిన సరుకే నీరసంగా ఉందని డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. ట్రయల్ నియమాల ప్రకారం ఇంకొక్కసారి తీయవచ్చు. అదీ కుదరకపోతే బావ పేరు తీసేస్తారు.

రెండోసారికి మళ్ళీ కుప్పం మీదుగానే బయలుదేరాం. నర్సరీ చూసుకోవాలని అక్క ఆగిపోయింది. అత్త చెల్లెలి కూతురిని చూసి వచ్చింది. రైలు కదిలాక నేను కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. నిద్ర పట్టలేదు. కళ్ళు కాస్త తెరిచేసరికి అత్త సంచిలోంచి పేపరు పొట్లం తీసి, తమలపాకులో బూడిద రంగు పొడి పోసి, తేనె చుక్క వేసి, మడిచి కొడుకు నోట్లో పెడుతోంది. బావ నములుతూ నా వైపు చూశాడు. నేను చూస్తున్నది చూశాడు. ఒక కన్ను మూశాడు.

అత్త చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్ళాక నేను, “ఏంది బావా అది?” అన్నాను.

“నువ్వు సూడల్యా.”

“చూసినాను గదా.”

“ఒరే, కుప్పానికి ఆ పక్క ఒక ముసిలాయన ఇస్తాడు. దుడ్డు తీసుకోడు, ధర్మానికి ఇచ్చేది. తిన్నట్టు మూడో మడిసికి తెలిస్తే గుణం పోతాదంట. ఇచ్చేటోళ్ళు, తినేటోళ్ళు, అంతే. మీ అక్కకు గూడా తెలుసు, ఇంట్లో పెట్టే మడిసి గాబట్టి. నువ్వు లెక్కలో లేవు.”

“మరి డాక్టరమ్మ అడిగింది గదా?”

“ఆయమ్మ మూడో మడిసి గాదా?” అన్నాడు బావ. ఇంత చదివి ఇంత చిన్న విషయం అర్థం కాలేదా అన్నట్టు చూశాడు. గొంతు తగ్గించాడు. “గడ్డ సూడు. ఆకలి సూడు. నేను తింటాండా బామ్మర్దీ. నోరు మూసుకో.”

మా వైపు పసరుమందులకు ఈ కట్టుబాటు ఎప్పటినుంచో ఉంది. చిన్నప్పుడు కామెర్లకు మందు తిని నేనూ పాటించాను. మందు ఏమిటో ఎవరూ అడగరు, తిన్నవాడు చెప్పడు. గుణమిస్తే మందు గొప్పతనం, ఇవ్వకపోతే ఎవరో నోరు జారారని అర్థం. ఇంత పకడ్బందీ ఏర్పాటు నేను ఏ ల్యాబులోనూ చూడలేదు.

బెంగుళూరు వచ్చేదాకా ఆలోచించాను. అత్త కిటికీలోంచి పారేయబోయిన పొట్లం కాగితాన్ని, నేను పారేస్తానని తీసుకుని జేబులో పెట్టుకున్నాను. దాని మడతల్లో చిటికెడు పొడి మిగిలింది. ఆస్పత్రిలో టీ తెస్తానని చెప్పి వెళ్ళి దాన్ని డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను.

పరీక్షలో స్టెరాయిడ్ అని తేలింది. చిన్న మోతాదేమీ కాదు. ఆ ముసలాయన ధర్మాత్ముడే. మందుల షాపులో మాత్రలు కొని దంచడం, కాస్త బూడిద కలపడం, ఇదీ ఆయన వైద్యం. డాక్టరమ్మ కోప్పడలేదు. మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, చిన్న పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. ఈ మందు లింఫోమా గడ్డను నిజంగానే తగ్గిస్తుంది, కొన్నాళ్ళ పాటు. ఆకలి పెంచుతుంది, ముఖం ఉబ్బిస్తుంది, హుషారు ఇస్తుంది. అదే చేత్తో మంచి టీ కణాలనూ తుడిచిపెడుతుంది. మనం ఎన్ని మెరుగులు దిద్దినా, ఎంత సరైన చోట జన్యువును పెట్టినా, చచ్చిపోయే కణాన్ని ఏం చేయగలం అంది.

బావ నా వైపు చూశాడు. కన్ను మూయలేదు.

అత్త మాత్రం డాక్టరమ్మ చెప్పిందేదీ వినలేదు. “చెప్పేసినావా?” అని నన్ను అడిగింది. అవునన్నాను. సంచిలోంచి మిగిలిన పొట్లాలు తీసి డాక్టరమ్మ బల్ల పక్కన చెత్తబుట్టలో వేసింది. “ఇంక పన్జెయ్యదులే” అంది.

ఆ పొడిని మాన్పించడానికి ఎవరూ శ్రమ పడవలసిన అవసరం రాలేదు. కానీ ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పని, కొలత ప్రకారం తగ్గిస్తూ పోవాలని డాక్టరమ్మ అవే మాత్రలు రాసింది.

“అదే మందు తింటే సస్తాడని నువ్వే అంటివి. మళ్ళా అదే మందు నువ్వే ఇస్తాండావు” అంది అత్త. “ముసిలాయన ఇస్తే తప్పు. నువ్వు చీటీ రాస్తే ఒప్పు. అంతే గదమ్మా?”

డాక్టరమ్మ ఏ రోజు ఎన్ని మాత్రలో చీటీ మీద గళ్ళు గీసి నా చేతికిచ్చింది.

మాత్రలు తగ్గుతున్నకొద్దీ బుగ్గలు దిగాయి. ఉసిరికాయ మళ్ళీ నిమ్మకాయ అయింది. తర్వాత నేను పోలికలు వెతకడం మానేశాను. చంకల్లో కూడా వచ్చాయి. బావ సంగటి చూస్తే మళ్ళీ ముఖం తిప్పుకోవడం మొదలుపెట్టాడు. పుంగనూరు వీధిలో సంగతి తెలియనివాళ్ళు లేరు. నేను చెప్పాను, గుణం పోయింది, గడ్డ తిరిగొచ్చింది. ఏ వరసలో జరగాలో సరిగ్గా ఆ వరసలోనే జరిగింది. క్లాసులో ఇంత శుభ్రమైన రుజువు దొరికితే నేను బోర్డు మీద రాసి కింద గీత గీసేవాడిని.

బావ నన్ను బామ్మర్దీ అనడం మానేశాడు. “సారు వచ్చినారు, కుర్చీ ఎయ్యండి” అనేవాడు. నేను ఆయన పడుకున్న మంచం పక్కన నిలబడి ఏదో ఒక జోకు వేసేవాడిని. ఆయన మర్యాదగా వినేవాడు. బావ నాతో అంత మర్యాదగా ఉండడం అదే మొదటిసారి. నేను గది దాటేదాకా ఆ మర్యాద తగ్గించేవాడు కాదు.

ఒకరోజు మాత్రం కాస్త మాట్లాడాడు. “సార్, మీ స్టూడెంట్లకు పాఠం బాగా చెప్తారంట గదా. నాకొకటి చెప్పండి. సచ్చే మడిసి కడుపునిండా తిని సస్తే మీకేం నష్టం?”

“రెండోసారి కణాలు బాగా వస్తే నువ్వు సావవు గదా బావా” అన్నాను.

“వస్తే” అన్నాడు.

మాత్రలు పూర్తిగా ఆగాక, అప్పటిదాకా వాయిదా వేసిన రెండోసారి కణాలు తీశారు. ఈసారి చాలినన్ని వచ్చాయి. డాక్టరమ్మ రెండు రోజులకొకసారి నాకు ఫోను చేసి చెప్పేది. నాకే ఎందుకంటే, పుంగనూరు ఇంట్లో ఆమె ఫోను ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. కత్తిరింపు బాగా పడింది. జన్యువు ఎక్కడ కూర్చోవాలో అక్కడే కూర్చుంది. కణాలు లేతగా, చురుగ్గా ఉన్నాయి. గిన్నెలో కాన్సర్ కణాలను వేసి చూస్తే వెతికి వెతికి చంపుతున్నాయి. ఇంతవరకు తమ ల్యాబులో తయారైన వాటిలో ఇంత మంచి కణాలను తను చూడలేదంది. ఆమె గొంతులో మొదటిసారి సంతోషం వినబడింది. నేను ఆ మాటను బావకు చెప్పడానికి వెళ్ళాను.

బావకు అప్పటికే జ్వరం. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షనని బెంగుళూరు ఆస్పత్రిలో చేర్చారు. ఐసీయూ అద్దంలోంచి చూశాను. ముక్కుకు గొట్టం, నోటికి గొట్టం. కణాలు సిద్ధంగా ఉన్నాయి గానీ, ఎక్కించాలంటే మనిషి కాస్త తేరుకోవాలి. లేకపోతే ఆ యుద్ధమే ఆయన్ని చంపుతుంది. అందుకని కణాలను సంచిలో పెట్టి, గడ్డకట్టించి, నైట్రోజన్ ట్యాంకులో దించారు. అక్కడ అవి ఎన్నాళ్ళైనా ఆగగలవు. బావకు ఆ సౌకర్యం లేదు.

పుంగనూరుకు తెచ్చి పూడ్చాం. గుంతలో తలా ఒక పిడికెడు మన్ను వేస్తుంటే నేనూ వంగాను. అత్త గుంత పక్కన కూర్చునే, నా వైపు చూడకుండా, “నువ్వు ఎయ్యాకప్పా” అంది. గట్టిగా అనలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు తమ చేతుల్లోని మన్నును చూసుకున్నారు. నేను పిడికిలి విప్పాను. ఎర్రమన్ను, పొద్దున వాన పడిందేమో, చేతికి కాస్త అంటుకుంది. మా అక్క అక్కడే నిలబడి ఉంది. ఏమీ అనలేదు. దాన్ని నా వైపు మాట్లాడినట్టుగా నేను లెక్క వేసుకున్నాను.

తర్వాత ఒకరోజు కాలేజీలో ఉండగా డాక్టరమ్మ ఫోను చేసింది. ముందు అక్క ఎలా ఉందని అడిగింది. ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. బావ కణాలు ట్యాంకులోనే ఉన్నాయి. ఇంకొకరికి ఎక్కించడానికి పనికిరావు, కానీ పరీక్షలకు పనికొస్తాయి. ఇవి ఇంత బాగా ఎందుకు కుదిరాయో, మొదటివి ఎందుకు చచ్చాయో పక్కపక్కన పెట్టి చూస్తే, రేపు వేరేవాళ్ళకు ఇంకా మెరుగైన కణాలు తయారు చేయవచ్చు. ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే పారేస్తారు. “మీరు అడుగుతారా?” అంది. సరేనన్నాను. మంచి పనికి రాయబారం నడపడం నాకు అలవాటైపోయింది.

నర్సరీకి వెళ్ళాను. అక్క షెడ్డులో ట్రేల మధ్య నిలబడి, మొలవని గుంటల్లో మళ్ళీ విత్తనం పెడుతోంది. అత్త బయట గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. నేను పలకరిస్తే నా వెనకాల రోడ్డు మీద పోయే ట్రాక్టరును చూసింది. అక్క దగ్గరికి పోయి, వీలైనంత తేలిక మాటల్లో చెప్పాను. ఆమె చేతి పని ఆపకుండా విన్నది.

“ఇంకా ఉండాయా అవి?” అంది.

“ఉండాయి.”

“బతికే?”

“చలికి నిద్రపోయినట్టు ఉంటాయి. బయటికి తీసి వెచ్చజేస్తే మళ్ళా లేస్తాయి.”

“బాగుండాయా?”

“చానా బాగుండాయంట. ఆయమ్మ అంత మంచివి ఎప్పుడూ చూడలేదంట.”

“ఎన్నాళ్ళుంటాయి?”

“ఏండ్ల తరబడి ఉంటాయంట అక్కా.”

ఆమె ఒక గుంటలో విత్తనం పెట్టి, పైన చిటికెడు కొబ్బరిపొట్టు పోసి, వేలితో అదిమింది. ఇంకో గుంట చూసుకుంది. నేను చెప్పవలసింది ఇంకా మిగిలింది కాబట్టి చెప్పాను. పరీక్షలకు ఇస్తే రేపు బావలాంటివాళ్ళకు మేలు జరుగుతుందని, ఈ పద్ధతి ఇంకా మెరుగుపడుతుందని, బావ పేరు ఎక్కడా రాదని అన్నాను. బావ ఉంటే ఒప్పుకునేవాడని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది.

అక్క నడుం నిలబెట్టి మొదటిసారి నా ముఖంలోకి చూసింది. చీర కొంగుకు చేతులు తుడుచుకుంది.

“ఇచ్చేస్తామని చెప్పు, యాడన్నా వాడుకోమను” అంది. “నువ్వు ఆ పొద్దు నోరు మూసుకోని ఉండింటే, ఇప్పుడు బతికుండేది మడిసి. కణాలు గాదు.”